గుడ్డ వెళ్ళిన దారిలో

మా తోడికోడలికి వినపడదు. ఇందులో రహస్యం లేదు, నామోషీ అంతకన్నా లేదు. పెళ్ళయిన కొత్తల్లో బట్టల మిల్లులో చేరి, మిల్లుకు తాళం పడేదాకా మగ్గాల మధ్య నిలబడిన మనిషికి చెవులు ఎలా మిగులుతాయి? నాకు ఒళ్ళుమండేది ఆవిడకు వినపడనందుకు కాదు. వినపడని మనిషికి చెప్పుకోవాల్సిన మాట కూడా ఉండదని అందరూ తీర్మానించేసుకుంటారే, అందుకు.

నేనావిడను అక్కా అంటాను. మా బావగారు పోయాక కొడుకును ఒక్కతే పెంచింది. మిల్లు షెడ్డులో ఆ మోతకు, అరిచి గీపెట్టినా పక్కమనిషికి వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు చేతులతోనూ పెదాలతోనూ మాట్లాడుకునేవారు. రెండు వేళ్ళు మెలిపెడితే దారం తెగిందని. అరచెయ్యి నుదుటి మీద పెట్టుకుంటే ఇంట్లో పిల్లకు జ్వరమని. లేని మీసం తిప్పితే సూపర్‌వైజరు వస్తున్నాడని. సంబంధాలు కుదరడం, అత్తల మీద చాడీలు, అలకలు, బుజ్జగింపులు అన్నీ ఆ సైగల్లోనే జరిగిపోయేవి. ఒకసారి అక్క మరిచిపోయిన అన్నం గిన్నె ఇవ్వడానికి వెళ్ళాను. మగ్గాలు దడదడలాడుతున్నాయి, ఆడవాళ్ళందరూ నన్ను చూసి పడీపడీ నవ్వుతున్నారు. ఏమన్నారో అక్క ఇప్పటికీ చెప్పలేదు. నా నడక గురించేనని నా అనుమానం.

నేసిన గుడ్డను మూటలు కట్టి దేశం దాటించేవారు. ప్రతి మూట మీదా నల్లరంగుతో పరాయి అక్షరాలు అచ్చు వేసి ఉండేవి. ఎక్కడికి పోతాయని అక్క గుమస్తాను అడిగితే, అవి సముద్రం అవతల ఒక రేవు పేరని చెప్పాడట. ఆ అక్షరాలు ఆవిడకు చదవడం రాదు. కానీ చూసి చూసి కళ్ళలో ముద్ర పడిపోయాయి.

మిల్లు మూసేసి లెక్క తేల్చి చేతిలో పెట్టినప్పుడు, మేడ మీద ఒక గది వేద్దామన్నాడు కొడుకు. ఆరోజు నేనూ వాళ్ళింట్లోనే భోజనానికి కూర్చున్నాను. అక్క అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, "నేను నేసిన గుడ్డ పోయిన ఊరికి నేను పోకూడదా?" అంది. గట్టిగానే అంది. అలాంటివాళ్ళకు గొంతు తగ్గించడం తెలియదు, వీధిలోకి వినపడి ఉంటుంది. వాడు మాత్రం నా వైపు తిరిగి, "పిన్నీ, అమ్మ ఏమంటోంది?" అన్నాడు.

వాడు చెడ్డవాడు కాదు. తల్లికి చెవి మిషను కొన్నది వాడే, అదీ మంచి రకం. కాకపోతే అది పెట్టుకుంటే గిన్నె కింద పెట్టినా పిడుగు పడ్డట్టుంటుందని అక్క దాన్ని డబ్బాలోంచి తియ్యదు. ఆవిడ దగ్గరగా మొహం చూస్తే పెదాల కదలికతోనే అన్నీ పట్టేస్తుంది. వాడికి ఆ ఓపిక లేదు. తల్లికి అన్నం వేళకు పెడతాడు, మందులు తెస్తాడు, ఆస్పత్రికి తీసుకెళ్తాడు, అన్నీ చేస్తాడు. తల్లితో మాట్లాడడం ఒక్కటే చెయ్యడు. ఆవిడ గురించి పక్కవాళ్ళతో మాట్లాడతాడు.

సరే, ఆరు నూరైనా పోయి తీరాలని అక్క పట్టు పట్టింది. ఒంటరిగా ఎవరు పంపుతారు? నేను వస్తానన్నాను. మా ఆయన, "వెళ్ళిరా, వెళ్ళిరా," అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు నాకు కోపం ఇంకా పోలేదు. మూడో మనిషి పక్కవాటాలో ఉండే కండక్టర్ వదిన. బస్సు కండక్టరుగా చేసి అప్పుడే రిటైరైంది. వీధిలో పిల్లలు ఆవిడను రైట్ రైట్ అత్త అంటారు. తిరిగిన దూరమంతా కలిపితే భూమిని ఎన్నిసార్లు చుట్టి ఉండేదో గానీ, పొద్దున బయల్దేరిన డిపోకే సాయంత్రం చేరడం తప్ప ఆవిడకు వేరే ఊరు తెలియదు. "ఒక్కసారైనా పోయిన చోటే పడుకోవాలి," అని సంచి సర్దేసింది.

సంచులు నేనే కుట్టాను. నాది టైలరింగ్ పని. దుకాణంలో వీపు సంచుల ధర చూసి మూర్ఛపోయి, గొడుగుల గుడ్డతో మూడు కుట్టాను. పాస్‌పోర్టు పెట్టుకోవడానికి మెళ్ళో వేసుకునే చిన్న సంచులు కూడా.

బయల్దేరే ముందు కొడుకు వచ్చి వదిన ముందు కూర్చున్నాడు. అక్క అక్కడే ఉంది, బట్టలు మడతపెడుతోంది.

"అత్తా, మీరున్నారనే పంపుతున్నాను. అమ్మకు ఏ చిన్న తేడా జరిగినా మర్నాడే వెనక్కి తీసుకొచ్చెయ్యాలి. నాకు మాటివ్వండి."

"తేడా ఎందుకు జరుగుతుంది నాయనా? ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క ప్యాసింజర్ని దారిలో వదల్లేదు నేను. మాటిస్తున్నా. తేడా వస్తే మర్నాడే విమానం," అంది వదిన, రొమ్ము విరుచుకుని.

చేతిలో చెయ్యి వేసేసింది కూడా. రోజూ సాయంత్రం ఫోను చెయ్యాలన్నది రెండో షరతు. ఇక ఆ ప్రయాణం సాగడమా ఆగడమా అన్నది ఆ మాట మీద వేలాడుతూ ఉండిపోయింది. పొద్దున లేచి అక్క కాస్త దగ్గినా వదిన నా వైపు చూసేది.

పరాయి దేశంలో మేము ఎలా తిరిగామంటే, ఉన్నంతలో తిరిగాం. రైలుకు బదులు బస్సు, బస్సుకు బదులు నడక. పడకలు ఒకదాని మీద ఒకటి పేర్చిన పెద్ద గదుల్లో, మా పిల్లల కన్నా చిన్నవాళ్ళ మధ్య పడుకున్నాం. పై పడక ఎప్పుడూ నాకే. వదినకు మోకాళ్ళు, అక్కకు పెద్దరికం. నాకున్నది నోరొక్కటే, దానికి రాయితీ లేదట. అందరూ వాడుకునే వంటగదిలో అన్నం వండుకుని, రాత్రి ఉతికిన బట్టలు పొద్దున సంచుల మీద ఆరేసుకుని నడిచేవాళ్ళం. స్నానాల గది దగ్గర కుర్రాళ్ళు తోసుకుంటుంటే వదిన మెట్టు మీద నిలబడి, "లైన్లో రండి, లైన్లో! ముందు దిగేవాళ్ళని దిగనివ్వండి!" అని వాళ్ళందర్నీ వరసలో పెట్టింది. భాష తెలియకపోయినా భయం తెలుస్తుంది కదా, నిలబడ్డారు.

కానీ నిజంగా మమ్మల్ని నడిపించింది అక్క. బజారులో నేనూ వదినా తెలుగులో అరిచేవాళ్ళం, వాళ్ళు వాళ్ళ భాషలో అరిచేవాళ్ళు. అక్క మధ్యలోకి వచ్చి వాళ్ళ మొహంలోకి చూస్తూ చేతులు కదిపేది. ఉల్లిపాయలు ఇటు, మిగతా చిల్లర అటు, పని అయిపోయేది. దారి అడిగినా అంతే. ఆవిడకు ఆ ఊరూ మన ఊరూ ఒకటే. ఎక్కడైనా అందరూ పెదాలు కదిపేవాళ్ళే.

సాయంత్రం మాత్రం ఫోను వదినకే వచ్చేది. "అత్తా, అమ్మ తిన్నదా? కాళ్ళనొప్పులు ఎలా ఉన్నాయి? మందు వేసుకుందా?" అక్క పక్కనే కూర్చుని కాళ్ళు రుద్దుకుంటూ ఉండేది.

ఇక అసలు సంగతి. రేవు ఊరికి పోయే దారిలో, ఒక పెద్ద రోడ్డు పక్కన, మధ్యాహ్నం బస్సు ఆగింది. ఒక టీ దుకాణం, వెనక మరుగుదొడ్లు, చుట్టూ దున్నిన పొలాలు, అంతే. వదిన ఎప్పటిలాగే ముందు తలుపు దగ్గర సీట్లో. అక్కా నేనూ చివర. అక్క దిగింది. నేను దుప్పటి ముసుగేసుకుని నిద్రపోయాను. బస్సులో నిద్రపోవడం నేరం కాదు. ఈ ముక్క ఆ తర్వాత వదినకు చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

వదిన కూడా కాళ్ళు చాపుకుందామని కిందికి దిగిందట. అందరూ ఎక్కుతుంటే తలుపు దగ్గర నిలబడింది. ఊరికే నిలబడిందా? ఒక ముసలాయన మూట అందుకుని లోపల పెట్టింది, ఒక పిల్లతల్లికి చెయ్యి ఆసరా ఇచ్చింది. వాళ్ళు ఎక్కారు, తనూ మెట్టెక్కింది. చెయ్యి దానంతట అదే లేచి బస్సు రేకు మీద దబ్‌దబ్‌మని రెండు దెబ్బలు కొట్టింది. "రైట్!" అని కేక కూడా. ఆ డ్రైవరుకు ఎవరు చెప్పారో, ఏ దేశపు డ్రైవరుకైనా ఆ రెండు దెబ్బలు తెలుసేమో, బండి కదిలించేశాడు. వదిన చాలా తృప్తిగా వెళ్ళి తన సీట్లో కూర్చుంది.

ఏదో కుదుపుకు నాకు మెలకువ వచ్చింది. పక్కన అక్క సంచి ఉంది, అక్క లేదు. మరుగుదొడ్డిలో ఉన్న మనిషికి హారన్ వినపడదు, ఇంజను వినపడదు, మా వదిన కేక అసలే వినపడదు.

"వదినా! అక్క ఏదీ?"

వదిన వెనక్కి తిరిగింది. ఆ మొహంలో రంగు దిగిపోవడం అంత దూరం నుంచి కూడా నాకు కనపడింది. లేచి డ్రైవరు మీద పడింది. "ఆపవయ్యా బాబూ, మా మనిషి ఉండిపోయింది! ఆపు!" అతను ముందున్న రోడ్డు చూపించాడు, పక్కన దూసుకుపోతున్న లారీలు చూపించాడు, తల అడ్డంగా ఊపాడు. నేను నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. వదిన మాత్రం ఉన్నట్టుండి మెట్టు మీద కూలబడింది.

"అతన్ని తిట్టకు. స్టేజీ కాని చోట నేనైనా ఆపనిచ్చేదాన్ని కాదు," అంది.

తరువాతి ఊళ్ళో మూడు సంచులతో దిగాం. అవతలి వైపు వెళ్ళే బస్సు కోసం రోడ్డు దాటాం. అది ఎంతకీ రాదు. వదిన కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. చివరికి ఒక పాల వ్యాను ఆపి, పోయే దిక్కు చూపించి, డ్రైవరు ఒప్పుకున్నాడో లేదో చూడకుండా ఎక్కేసింది. నేను వెనక పాలక్యాన్ల మధ్య ఎక్కాను. వదినా అక్కడికే వచ్చి కూర్చుంది.

"సాయంత్రం వాడు ఫోను చేస్తాడు. చెప్పేస్తాను," అంది.

"ఏమని?"

"మీ అమ్మని రోడ్డు మీద వదిలేశానని. రేపే బయల్దేరుతున్నామని."

"నీకేమైనా మతిపోయిందా? మనిషి దొరికితే చాలు, వాడికెందుకు చెప్పడం? రేవు ఇంక ఒక్క రాత్రి ప్రయాణం. అక్క బతుకంతా దీనికోసమే చూసింది."

"టికెట్ లేకుండా ఎవర్నీ ఎక్కించుకోలేదు నేను. ఇప్పుడు మొదలుపెట్టమంటావా? మాటిచ్చాను."

"ఇచ్చేటప్పుడు చూసుకోవాల్సింది."

"అవును. చూసుకోవాల్సింది," అంది వదిన. ఎప్పుడూ ఒక మాటకు నాలుగు మాటలనే మనిషి అలా ఒప్పేసుకునేసరికి నా నోరు పడిపోయింది. అక్క ఆ రోడ్డు మీద ఏడుస్తూ ఎటు నడిచిందో, ఏ లారీ కింద... ఆ పైన ఆలోచించదలుచుకోలేదు. వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేను ఆవిడ వీపు నిమిరాను. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి.

టీ దుకాణం దగ్గర వ్యాను ఆగీ ఆగకముందే దూకాం. బయట బల్లల దగ్గర ఎవరూ లేరు. మరుగుదొడ్ల దగ్గర ఎవరూ లేరు. వదిన "వదినా! వదినా!" అని అక్క కోసం అరుస్తోంది, వినపడదని తెలిసి కూడా. నేను దుకాణంలోకి తొంగిచూశాను.

గల్లాపెట్టె వెనక అక్క నిలబడి కప్పులు తుడుస్తోంది. పక్కన దుకాణం యజమానురాలు, లావుపాటి మనిషి, నడుము మీద ఒక చెయ్యి పెట్టుకుని రెండో చేత్తో ఏదో చూపిస్తోంది. అక్క కప్పు కింద పెట్టి, లేని మీసం ఒకటి తిప్పింది. ఆ లావుపాటావిడ కడుపు పట్టుకుని నవ్వుతూ వంగిపోయింది. మొగుడి గురించే అయి ఉంటుంది.

అక్క నన్ను చూసింది. "నా సంచి తెచ్చారా?" అంది.

వదిన వచ్చి ఆవిడను కావలించుకుని భోరుమంది. అక్క "ఏడుపెందుకు? చచ్చానా?" అని వీపు తట్టింది.

"భయపడ్డావా అక్కా?" అని నేను ఆవిడ మొహానికి ఎదురుగా నిలబడి అడిగాను.

"పడనా? బస్సు వెనక పరిగెత్తాను, చెప్పు తెగిపోయింది. ఈ మెట్ల మీద కూర్చుని బాగా ఏడ్చాను. తర్వాత ఆకలేసింది."

ఆకలేస్తే లోపలికి వచ్చిందట. చేతులతో చెప్పుకుంది. ఆ దుకాణం ఆవిడ రొట్టె పెట్టింది. తిన్నాక అక్క నీళ్ళలో వేలు ముంచి బల్ల మీద ఆ అక్షరాలు గీసింది. మూటల మీద ఇన్నేళ్ళు చూసిన ఆకారాలు, తలకట్టూ తోకా తప్పకుండా. దుకాణం ఆవిడ చూసి ఎగిరి గంతేసిందట. రేవుకు పోయే రాత్రి బస్సు అక్కడే ఆగుతుందని, డ్రైవరు తనకు తెలిసినవాడేనని, సీటు ఇప్పిస్తానని వేళ్ళతో, చూపులతో చెప్పింది. తిన్న రొట్టెకు బదులు కప్పులు తుడుస్తానని అక్క పట్టుపట్టింది.

"మీరు ఇటు వస్తారని నాకేం తెలుసు?" అంది అక్క. "మీరెలాగూ రేవుకే కదా వచ్చేది, అక్కడ కలుద్దాంలే అనుకున్నాను."

తలప్రాణం తోకకు తెచ్చుకుని వెతుక్కుంటూ వచ్చింది మేము! ఒళ్ళుమండింది, నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి. వదినకు మాత్రం నవ్వు రాలేదు. కళ్ళు తుడుచుకుని, అక్క గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, "రేవు వద్దు వదినా. రేపు ఇంటికి పోదాం. నేను మీ అబ్బాయికి మాటిచ్చాను," అంది. అక్క ఆ పెదాల వైపు చివరిదాకా చూసింది. తిరిగి వెళ్ళి కప్పు అందుకుంది.

ఫోను మోగింది. వదిన స్పీకరు పెట్టి, ఇన్స్పెక్టరు ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, జరిగిందంతా చెప్పింది. రెండు దెబ్బలు, రైట్, పాల వ్యాను, ఏదీ దాచలేదు. అవతల వాడి గొంతు లేచింది.

"నేను చెప్పానా అత్తా! ముందే చెప్పానా! రేపటికి నేనే టికెట్లు తీస్తాను. అక్కడి నుంచి కదలకండి. అమ్మకు నెమ్మదిగా చెప్పండి, హడలిపోతుంది."

"అలాగే నాయనా," అంది వదిన.

అక్కకు వాడి మాటలు వినపడలేదు. కానీ వదిన మొహం చూస్తోంది. కప్పు కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. తన సంచి విప్పి, అడుగునుంచి చెవి మిషను డబ్బా తీసి, ఒకటి ఈ చెవిలో, ఒకటి ఆ చెవిలో పెట్టుకుంది. అప్పుడే రోడ్డు మీద లారీ పోయింది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ మోత పోయేదాకా ఓర్చుకుని, చెయ్యి చాపింది. వదిన ఫోను ఇచ్చింది.

"నాన్నా, నేను."

"అమ్మా... ఫోను పిన్నికివ్వమ్మా. నీకు వినపడదు."

"వినపడుతోంది. నువ్వు కొన్న మిషనే. చెప్పు."

వాడు చెప్పలేదు. తల్లితో ఫోనులో ఏం మాట్లాడాలో వాడికి తెలియదు పాపం, అలవాటు లేదు.

"మాటిచ్చింది మీ అత్త," అంది అక్క. "నేనివ్వలేదు. నన్నెవరూ అడగలేదు. నేను అక్కడే కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. ఇవాళ బస్సు తప్పింది. ఏడ్చాను. ఇంకో బస్సు చూసుకున్నాను. అయిపోయింది."

"అది కాదమ్మా. నీకేమైనా అయితే?"

"మిల్లులో అయింది కదరా. రోజూ కాస్త కాస్త చెవులు పోతుంటే ఎవరైనా 'చాల్లే అమ్మా, ఇంటికి వచ్చెయ్' అన్నారా? నువ్వు చిన్నవాడివి, నీకు తెలియదు. నేనూ అనుకోలేదు, నిన్ను చదివించాలి కాబట్టి. ఇప్పుడు నేను బాగున్నాను. ఇప్పుడెందుకు వెనక్కి రమ్మంటావు?"

కోపంగా అనలేదు. ఎప్పటిలాగే కాస్త గట్టిగా అంది. వదిన తల వంచుకుంది. దుకాణం ఆవిడకు మాటలు తెలియకపోయినా, చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఫోనులో వాడి ఊపిరి మాత్రం వినపడుతోంది. పెట్టేశాడేమోనని నేను దగ్గరికి జరిగాను. పెట్టెయ్యలేదు.

"అమ్మా," అన్నాడు. "రేవుకు ఎప్పుడు చేరతావు?"

ఆ మాట నన్ను అడగలేదు, వదిననూ అడగలేదు.

"తెల్లారేసరికి," అంది అక్క. "చేరాక నేనే చేస్తాను. నువ్వు అన్నం తిని పడుకో."